ఐసు బావ కొన్న పైపు

మా అక్క మొగుణ్ణి ఆ వీధిలో అందరూ ఐసు బావ అనేవాళ్లు. బావ అని పిలిచే హక్కు నిజానికి నాది. ఆయన పనిచేసే కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర ఒకసారి ఇంటి తాళాల కోసం నిలబడి "బావా!" అని గొంతు చించుకుని అరిచాను. ఆ రోజునుంచీ మూటలు మోసేవాళ్ల దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ ఆయన బావైపోయాడు. ముందున్న ఐసు మాత్రం ఆయన సొంత సంపాదన.

కోల్డ్ స్టోరేజీలో అన్నిటికన్నా లోపలి గది ఆయనది. చేపల పెట్టెలు, వెన్న డబ్బాలు, బఠాణీ సంచులు రాళ్లలా గడ్డకట్టి ఉండే గది. మోకాళ్ల దాకా దూది కోటు, చెవులు కప్పే టోపీ, చేతులకి ఒకదానిమీద ఒకటి తొడుగులు. బయటికి వచ్చేసరికి కనుబొమల మీద తెల్లగా మంచు పట్టి ఉండేది. పెదాలు మొద్దుబారిపోయి కాసేపటిదాకా నోట్లో మాట తిరిగేది కాదు. అసలే తక్కువ మాట్లాడే మనిషి. ఆయన మాటకీ మాటకీ మధ్య ఓ బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోవచ్చు.

అక్క అలా కాదు. ఆవిడ పని రోడ్డుకి అవతల, లారీల కాటాలో. లారీ వచ్చి ఇనప పలక మీదికి ఎక్కితే, కిటికీ పక్కన కూర్చుని బరువు చూసి, డ్రైవరుకి వినబడేలా అంకె అరవాలి. రోజంతా అరిచి అరిచి ఇంట్లో కూడా అదే గొంతు. "ఉప్పు అందుకో" అన్నా పక్కింటివాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. ఆవిడ పైపు తాగేది. నీళ్ల పైపు కాదు, పొగ పైపు. ఆ దారిన తిరిగిన ముసలి డ్రైవరు ఒకాయన పని మానేస్తూ గుర్తుగా ఇచ్చి వెళ్లాడు. సరదాకి నోట్లో పెట్టుకుంది, ఇక వదల్లేదు. ఆడది పైపు తాగడమేంటని మొదట్లో కిసుక్కుమన్నవాళ్లు, ఈవిడ దగ్గర కిలో తేడా కూడా దొర్లదని తెలిశాక నోరు మూసుకున్నారు.

బావకి పొగ పడదు. "రోజంతా మంచులో ఉండి వస్తాను. ఇంటికొచ్చి ఇంజను పక్కన కూర్చోనా?" అనేవాడు. అందుకని సాయంత్రాలు అక్క పైపు తీసుకుని పెరటి మెట్టు మీద కూర్చునేది. ఆయన వంటింట్లో ముక్కాలిపీట మీద. తలుపు కాస్త ఓరగా తీసి ఉంచి, ఆ సందులోంచే కబుర్లు. ఆవిడ గంపెడు చెబితే ఈయన "ఊ" అనేవాడు. ఆ ఊ చాలేది ఆవిడకి.

అక్క ఆ కాటా గదిలోనే పోయింది. ఎండాకాలం, మధ్యాహ్నం వేళ. ఒక లారీ పలక మీదికి ఎక్కి నిలబడింది. డ్రైవరు అంకె కోసం ఎదురు చూశాడు. హారన్ కొట్టాడు. విసుక్కుంటూ దిగివచ్చి చూస్తే అక్క బల్ల మీద తల ఆనించి ఉంది. మెదడులో నరం చిట్లిందని తర్వాత ఆసుపత్రిలో చెప్పారు.

బావని పిలుచుకొచ్చారు. నేను చేరేసరికి ఆయన ఆ గదిలోనే ఉన్నాడు, దూది కోటుతోనే. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, ఆ రేకుల గది పొయ్యిలా కాలుతోంది, ఆయన కోటు గుండీ ఒక్కటి కూడా విప్పలేదు. ఆయన రాగానే కనుబొమల మీది మంచు కరిగి చెంపల మీదుగా కారుతోంటే అక్కడున్నవాళ్లు ఏడుస్తున్నాడనుకున్నారట. ఆయన అన్నది ఒకే మాట.

"ఆవిడ కళ్లజోడు తీయండి. ముక్కుకి గుచ్చుకుంటుంది."

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. ఎవరు ఏ కాగితం మీద సంతకం అడిగితే అక్కడ పెట్టాడు. కూర్చోమంటే కూర్చున్నాడు, తినమంటే తిన్నాడు. నేను మాత్రం గోడకి తలకొట్టుకుని ఏడ్చాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఎంతసేపు ఉంచాలో తెలియనట్టు చూసి, తీసేశాడు. చూసిపోదామని వచ్చినవాళ్లు వీధి మలుపు తిరగ్గానే చెవులు కొరుక్కున్నారు. "లోపల కూడా గడ్డకట్టుకుపోయిందిరా మనిషికి" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. నా అక్క పోతే ఈయనకి చీమ కుట్టినట్టయినా లేదని కోపం వచ్చింది.

అయినా ఆదివారం ఆదివారం వెళ్లేదాన్ని. వంట చేసి పెట్టేదాన్ని. "ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనేవాడు. ఒకసారి పరధ్యానంలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఆ కూర నేను నోట పెట్టలేకపోయాను. ఆయన కంచం ఖాళీ చేసి, "బాగుంది" అన్నాడు. ఇల్లు శుభ్రంగా ఉండేది. బట్టలు ఉతికి ఆరేసి ఉండేవి. అక్క చెప్పులు గుమ్మం పక్కన ఎప్పటిలాగే ఉండేవి, వాటి చుట్టూ నేల తుడిచి ఉండేది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం, కూర ముద్ద నాలుక మీద పెట్టుకోగానే ఆయన కళ్లు మూసుకుని ముద్ద బయటికి తీసేశాడు.

"ఏమైంది బావా?"

"నోరు పూసింది."

"ఏదీ, చూపించు."

చిన్నపిల్లాడిలా నాలుక బయటపెట్టాడు. తోలు వలిచినట్టు ఎర్రగా ఉంది. ఏం తిన్నావు, ఏం తాగావు అని నేను ఆరా తీస్తుంటే లేచి లోపలికి వెళ్లాడు. చేతిరుమాల్లో చుట్టిన అక్క పైపు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పొగాకు నింపే గిన్నెకి ఒక పక్క వేలు పట్టేంత రంధ్రం. అంచులు బొగ్గయిపోయి ఉన్నాయి.

"నువ్వు తాగావా? నీకు పొగే పడదు కదా!"

"ఇంట్లో వాసన పోయింది." అన్నాడు. "కర్టెన్లలో కొన్నాళ్లు ఉంది. దుప్పట్లో ఉంది. తర్వాత పోయింది. వెలిగిస్తే వస్తుందేమోనని."

"మరి ఇలా ఎలా కాలింది?"

"డ్యూటీ దిగగానే కూర్చునేవాణ్ణి. పెదాలకి ఏమీ తెలిసేది కాదు. ఆరిపోతుందేమోనని గట్టిగా లాగేవాణ్ణి. వేడెక్కిందని తెలీలేదు."

అరచెయ్యి పట్టుకుని చూస్తే అక్కడా బొబ్బ లేచి ఎండిపోయిన మచ్చ. అదెప్పుడైందంటే ఆయనకీ తెలీదు. అక్క వస్తువు తగలబెట్టాడని నేను ఒంటికాలి మీద లేవబోయాను. ఆయనే ముందు మాట్లాడాడు.

"చేతిలో ఉండగానే రంధ్రం పడింది. చూస్తూ ఉన్నాను. మీ అక్క పైపు అది. నాకేమీ అనిపించలేదు. ఆవిడ పోయిన రోజూ అనిపించలేదు. నాలో ఏదో పాడైందేమోనని భయం వేసింది." ఆగి, "అది కూడా గట్టిగా వెయ్యలేదు" అన్నాడు.

కంచాలు తీసి కడిగేశాను.

మర్నాడు సెలవు పెట్టించి, పైపుల కొట్టుకి తీసుకెళ్లాను. ఆ పైపు బాగుచేయిస్తే ఆయనకి కాస్త నెమ్మదిస్తుందేమోనని నా ఆశ. కొట్టు ఎక్కడో నాకు తెలుసు. కళ్లద్దాలవాడికీ తాళాలవాడికీ మధ్య ఇరుక్కుని, లోపలికి పొడుగ్గా ఉండే కొట్టు. బోర్డు మీద "పైపులు" అని మాత్రం రాసి ఉంటుంది. కుళాయి కారుతోందని, డ్రైనేజీ నిండిందని రోజూ ఎవరో ఒకరు వచ్చి పోతుంటారని అక్క కడుపుబ్బా నవ్వుతూ చెప్పేది. కొట్టాయన భారీ మనిషి, మెడలో దారానికి భూతద్దం వేలాడుతూ ఉంటుంది. మమ్మల్ని చూడగానే, "కుళాయి సామాను పక్క వీధిలోనండీ" అన్నాడు.

బావ రుమాలు విప్పాడు. కొట్టాయన పైపు అందుకోగానే గుర్తుపట్టాడు. బావ ముఖం వైపు చూశాడు, నా ముఖం వైపు చూశాడు. విషయం ఆయనకి ముందే తెలుసు కాబోలు. ఏమీ అడగలేదు. భూతద్దం పెట్టి రంధ్రాన్ని చూసి, కాడలోంచి ఒక ఊదు ఊది, రుమాలు మీదే మెల్లగా పెట్టేశాడు.

"ఇది ఇక పనికిరాదండీ. చెక్క లోపలిదాకా కాలిపోయింది. అతికిస్తే వెలిగించిన పూటే ఊడొస్తుంది. ఊరికే దాచుకోండి."

"సరే" అన్నాడు బావ. అని, వెనక్కి తిరుగుతాడనుకున్నాను. తిరగలేదు. "కాలనిది ఏదైనా ఉందా?" అని అడిగాడు.

"కాలని పైపు ఉండదండీ, నిప్పు పెట్టేదే అందులో. చల్లటి పొగ ఇచ్చేవి ఉంటాయి." కొట్టాయన సొరుగు లాగాడు. "మీరు దీన్ని ఎలా పీల్చారో చూపించండి ఒకసారి."

బావ ఖాళీ పైపు ఒకటి నోట పెట్టుకుని బుగ్గలు లోపలికి పోయేలా లాగాడు.

"అమ్మో! అలా లాగితే నాలుక ఉండదు. టీ వేడిగా ఉంటే ఎలా తాగుతారు? కొంచెం కొంచెంగా జుర్రుకుంటారు కదా, అంతే. ఆరిపోతే ఆరిపోనివ్వండి. మళ్లీ వెలిగించుకోవచ్చు. చల్లదనం సగం పైపుది, సగం మనిషిది."

గుడ్డ మీద పైపులు పరిచాడు. ఒకటి మొక్కజొన్న కండెతో చేసింది, చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. అది చల్లగానే ఉంటుందట కానీ ఎక్కువ కాలం మన్నదట. ఇంకొకటి మట్టిది. పొగ బాగానే ఉంటుంది, గిన్నె పట్టుకుంటే మాత్రం చెయ్యి కాలుతుంది అన్నాడు. బావ మట్టిదాన్ని వెంటనే పక్కకి జరిపాడు. సబ్బుబిళ్లలా తెల్లగా ఉన్న రాతి పైపు ఒకటి చూపించి, "పొగలో తేమని ఇది పీల్చేసుకుంటుంది, చాలా చల్లగా ఉంటుంది. కానీ చెయ్యి జారితే ముక్కలే" అన్నాడు. బావ తన అరచేతుల వైపు చూసుకుని దాన్నీ వద్దన్నాడు. మిగతావి ఏదో పొద వేరు ముద్దని చెక్కి చేసినవి. కొన్ని పొట్టివి, కొన్ని పొడుగు కాడవి.

అప్పటిదాకా ఎటో చూస్తున్న మనిషి, ఆ వేరు పైపుల దగ్గరికి వచ్చేసరికి ముందుకు వంగాడు. ఒక్కొక్కదాని గిన్నెలోకి బొటనవేలు పెట్టి, చూపుడువేలు బయట ఆనించి, అంచుల మందం తడిమాడు.

"ఇది పల్చన" అన్నాడు ఒకటి పక్కన పెట్టి. "ఇది ఒక పక్క మందం, ఒక పక్క పల్చన. పల్చగా ఉన్న పక్కే పోతుంది. మా గది గోడలూ అంతే. ఎక్కడ పల్చన పడితే అక్కడ చెమ్మ పడుతుంది."

అక్క పోయాక ఆయన నోట అన్ని మాటలు ఒకేసారి వినడం అదే. ఎలా ఉన్నాడో తెలుసా, అద్దెకి ఇల్లు చూసే మనిషిలా ఉన్నాడు. ఖాళీ పైపు నోట పెట్టుకుని గాలి పీల్చి చెవి ఒగ్గాడు. ఒకటి సన్నగా ఈల వేసింది.

"అది వద్దు" అన్నాడు కొట్టాయన. "లోపలి దారి ఇరుకు. ఇరుకైతే మీరు గట్టిగా లాగుతారు, లాగితే వేడెక్కుతుంది. కాడ పొడుగుంటే పొగ నడిచివచ్చేలోపు చల్లారుతుంది. ఎంత పొడుగైనా పొగాకు తడిగా ఉంటే మాత్రం లాభం లేదండీ, ఆవిరి నాలుకని ఉడకబెట్టేస్తుంది. కాస్త ఆరబెట్టి వేసుకోవాలి."

"ఆవిడకి ఇవన్నీ తెలుసా?" అన్నాడు బావ.

"తెలియకేం! మందం గోడలది తీసుకోండమ్మా అని ఎన్నిసార్లు చెప్పానో. వినేవారు కాదు. 'మా ఆయన చల్లగానే ఉంటాడు, పైపన్నా వేడిగా ఉండనీ' అనేవారు. అది కూడా వీధిలో అందరికీ వినబడేలా."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపు తన్నుకొచ్చింది. గుమ్మం వైపు తిరిగి కొంగుతో ముఖం అద్దుకున్నాను. బావ చేతిలోని పైపుని ఇటూ అటూ తిప్పుతూ, "అంటుంది" అన్నాడు. అనేది అని కాదు, అంటుంది అని. ఆయన కళ్లు పొడిగానే ఉన్నాయి.

చివరికి చూడ్డానికి ఏ సొగసూ లేని పైపు తీసుకున్నాడు. బొద్దుగా, గోడలు మందంగా, కాడ పొడుగ్గా ఉన్నది. "పొగాకు మాత్రం ఆవిడ తీసుకున్నదే ఇవ్వండి" అన్నాడు.

పైపు బాగానే పనిచేసింది. కొట్టాయన చెప్పినట్టు పొగాకు కాగితం మీద పరిచి ఆరబెట్టేవాడు. కింద వదులుగా, పైన కాస్త గట్టిగా నింపేవాడు. చేతులకి వెచ్చదనం వచ్చేదాకా ఆగి అప్పుడు వెలిగించేవాడు. అది పదే పదే ఆరిపోయేది, ఆయన పదే పదే వెలిగించేవాడు. నాలుక మానింది. కూరలో కారం తెలిసింది.

కానీ ఆ వాసన రాలేదు. అదే కొట్టు, అదే పొగాకు, ఇల్లంతా పొగ, కానీ అక్క వాసన కాదు. వెళ్లి కొట్టాయన్ని అడిగాడట. "ఆవిడ వాసనలో పొగాకొక్కటే కాదు కదండీ. కాటా గదిలో డీజిలు, ఆవిడ తలనూనె, ఆవిడ ఒళ్లు, అన్నీ కలిసిన వాసన అది. అది నా దగ్గర దొరకదు" అన్నాడట ఆయన. ఈ సంగతి నాకు చెప్పి, "ఓహో అన్నాను" అన్నాడు బావ. పైపు తీసి అలమారలో పెట్టేశాడు.

ఆ వారంలోనే కోల్డ్ స్టోరేజీ మేస్త్రీ బస్సు దిగి మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. గోడ పట్టుకుని రొప్పుతూ నిలబడ్డాడు.

"అన్న లోపలే ఉండిపోయాడమ్మా. డ్యూటీ అయిపోయింది, అందరం కోట్లు విప్పేశాం, ఈయన కోటు కొక్కేనికి కనిపించలేదు. తలుపు పడిపోలేదు, ఏమీ లేదు. వెళ్లి చూస్తే వెన్న డబ్బాల ముందు ఊరికే నిలబడి ఉన్నాడు. తొడుగు ఒకటి కింద పడి ఉంది. 'అన్నా, రా' అంటే 'ఆ, వస్తున్నా' అన్నాడు. కదల్లేదు. ఇద్దరం పట్టుకుని బయటికి లాక్కొచ్చాం."

ఆసుపత్రిలో ఎడమచేతి వేళ్లు గోరువెచ్చటి నీళ్లలో పెట్టి కూర్చోబెట్టారు. వేళ్ల చివర్లు మైనంలా తెల్లగా ఉన్నాయి.

"ఏం చేస్తున్నావు బావా అక్కడ?" అన్నాను. కోప్పడే ఓపిక కూడా నాకు లేదు.

"ఆలోచిస్తున్నాననుకున్నాను" అన్నాడు. "ఏమీ ఆలోచించడం లేదని బయటికొచ్చాక తెలిసింది."

"చచ్చిపోదామనుకున్నావా?"

ఆయన నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. "లేదమ్మాయ్. అంత కూడా అనుకోలేదు."

వేళ్లు దక్కాయి. రెండు వేళ్ల కొసల్లో స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. మేనేజరు ఆయన్ని మంచు గదిలోంచి తీసేసి బయట, లారీలకి సరుకు ఎక్కించే అరుగు మీద వేశాడు. అక్కడ ఎండా గాలీ ఉంటాయి, ఎప్పుడూ ఎవరో ఒకరు అరుస్తూ ఉంటారు. మేస్త్రీ రోజూ తన పక్కనే కూర్చోబెట్టుకుని టీ తాగించేవాడు. కొత్తలో బావ చెమటకి తట్టుకోలేక తువ్వాలు మెడలో వేసుకుని తిరిగేవాడు. "ఐసు కరిగిపోతోందిరోయ్" అని హమాలీలు ఏడిపించేవాళ్లు. ఆయన విని ఊరుకునేవాడు.

నేను ఆదివారాలే కాకుండా మధ్యలో కూడా వెళ్లడం మొదలుపెట్టాను. ఒకరోజు అలమార సర్దుతుంటే ఆ బొద్దు పైపు కనిపించింది. బయటికి తీసి, దుమ్ము తుడిచి, ఆయన ముందు పెట్టాను.

"కొన్నావుగా, తాగు. వాసన సంగతి వదిలెయ్."

ఏమనుకున్నాడో, నింపాడు. ఆ తర్వాత సాయంత్రం పూట ఒక్కసారి తాగడం అలవాటు చేసుకున్నాడు. అదీ సగమే. ఎడమచేతికి వేడి తెలీదు కాబట్టి కుడిచేత్తోనే పట్టుకునేవాడు. వానలు వెనకబట్టాయి, చలి మొదలైంది. ఇద్దరం పెరట్లో కూర్చుని ఉండగా, "నాకూ ఒకసారి ఇవ్వు" అన్నాను.

"నీకెందుకు?"

"అక్క ఒక్కసారి కూడా ఇవ్వలేదు. నువ్వైనా ఇవ్వు."

అందించాడు. "లాగకు. టీ జుర్రినట్టు. లోపలికి మింగకు" అని చెబుతూనే ఉన్నాడు, నేను మింగేశాను. దగ్గు ముంచుకొచ్చింది. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, ఊపిరందక తొడలు చరుచుకుంటున్నాను. ఆయన పైపు పడిపోకుండా లాక్కుని, నన్ను చూసి, "హె" అన్నాడు. అది నవ్వని నాకు కాసేపటిదాకా అర్థం కాలేదు.

"మీ అక్కా మొదటిసారి ఇలాగే దగ్గింది" అన్నాడు. "కాటా గదిలో. నేను అప్పుడే కొత్తగా పనిలో చేరాను, సరుకు లారీతో వచ్చాను. డ్రైవరు పక్కన కూర్చున్నాను. ఆ దగ్గు విని మా డ్రైవరు అంకె చెప్పిందనుకుని బండి పోనిచ్చేశాడు. వెనక పరిగెత్తుకుంటూ వచ్చింది, పైపు చేత్తో పట్టుకుని. తూకం కాలేదు, వెనక్కి రండి అని తిడుతూ. డ్రైవరుని కాదు, నన్ను తిట్టింది. పక్కనుండి చెప్పొద్దా, నోరు లేదా అంది."

"నువ్వేమన్నావు?"

"ఊ అన్నాను."

ఇంకా చాలా చెప్పాడు. ఆ లారీలో ఏ సరుకు ఉందో, అక్క కట్టుకున్న చీర ఏ రంగో, ఆ డ్రైవరు తర్వాత ఎన్నాళ్లు ఆ కథ చెప్పుకుని నవ్వాడో. కథ అయిపోయాక మళ్లీ మామూలే. పైపు ఆరిపోయింది, వెలిగించలేదు. నాకు అడగాలనిపించి అడిగేశాను.

"ఇప్పుడేమైనా అనిపిస్తోందా బావా?"

"తెలీదు" అన్నాడు. పైపులో బూడిద దులిపి, "నాలుక మాత్రం మండటం లేదు" అన్నాడు.

చీకటి పడుతోందని బస్సుస్టాపు దాకా వచ్చాడు. అక్కడ మూసేసిన కొట్టు అరుగు మీద ఇద్దరం కూర్చున్నాం. మబ్బు పట్టి ఉంది. బస్సు వచ్చింది, ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన వెళ్లిపోతాడనుకుంటే కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"వచ్చే ఆదివారం గొడుగు తెచ్చుకో" అన్నాడు. "మళ్లీ పడేలా ఉంది."

సరే అన్నాను. కండక్టరు విజిల్ వేశాడు, బస్సు కదిలింది.